కొసరు

నవంబరు మూడో వారం.
దాన్యూబ్ మీద పొగమంచు. కిటికీకి అవతల రొమేనియా లేదు.
హీటరు మీద నా చేతితొడుగులు ఆరుతున్నాయి.
బల్ల మీద ఐదు అంకెలు:
ముప్పై ఎనిమిది, నలభై నాలుగు, నలభై,
నలభై మూడు, మళ్ళీ నలభై.
గడిచిన ఐదేళ్ళలో ఇదే వారం
మా జిల్లా మట్టికి అప్పగించినవాళ్ళు.
కూడి ఐదుతో భాగిస్తే నలభై ఒకటి.
దీన్ని మేం ఆశించిన మరణాలంటాం.
ఎవరు ఆశించారని అడక్కండి,
ఆ మాట పాఠ్యపుస్తకానిది.

ఈ ఏడు తొంభై ఏడు.

సోఫియా నుంచి కామెన్ ఫోను చేశాడు:
టైపు తప్పేమో చూడు, స్నెజానా.
చూశాను. రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చదివాను.
రాష్కో పేరు దగ్గర వేలు ఆగింది.
మా మెట్లవరసలో మూడో అంతస్తు.
నా కుళాయి బాగుచేసి డబ్బు పుచ్చుకోనివాడు.
కారణం గడిలో గుండె ఆగిందని రాశారు.
ఎవరికైనా చివరికి ఆగేది గుండే కదా.
తప్పేం లేదన్నాను ఫోనులో.

తీసివేత ఒకటో తరగతి పిల్లలు చేస్తారు.
యాభై ఆరు.

సంతలో ఎర్రమిరపలమ్మే ఆవిడ
కిలో తూచి, ముల్లు నిలిచాక,
ఇంకో రెండు కాయలు సంచిలో పడేస్తుంది.
అసలు కన్నా కొసరు ముద్దు అంటుంది.
ఈ నవంబరులో తూకం రాయి ఎవరి చేతిలో ఉందో గాని
అసలు నలభై ఒకటి,
కొసరు యాభై ఆరు.

అయితే లెక్క ఇంకా తేలలేదు.
ఐదేళ్ళలో ఊరు చిక్కిపోయింది.
జనాభా పట్టీలో ఉన్నవాళ్ళు
నిజానికి హాంబుర్గ్‌లో గిడ్డంగులు కడుగుతున్నారు.
ఇక్కడ చావడానికి వాళ్ళిక్కడ లేరు.
మిగిలినవాళ్ళు తక్కువ, కాని ముసలివాళ్ళు.
ఒకటి అంకెను కిందికి లాగుతుంది, ఒకటి పైకి తోస్తుంది.
వయసుల వారీగా విడదీసి మళ్ళీ కట్టాను.
ఆశించినవి నలభై మూడయ్యాయి.
కొసరు యాభై నాలుగు.

అంటే ఒక మధ్యాహ్నం, కాఫీ చల్లారేలోగా,
ఇద్దరు అటునుంచి ఇటు నడిచి వచ్చారు.
ఎలాగూ పోయేవాళ్ళే అన్న వరసలో నిలబడ్డారు.
ఏ ఇద్దరో
సూత్రానికి తెలీదు. నాకూ తెలీదు.

ఇంకొకడున్నాడు.
మూసేసిన రోడ్డు మీద, ఆ మంచులో,
లారీ జారి చావవలసినవాడు.
ఈ వారం ఇంట్లో కూర్చుని బీన్సు పులుసు తాగుతున్నాడు,
ఉప్పు చాల్లేదని పెళ్ళాం మీద విసుక్కుంటున్నాడు.
అతను కూడా నా తీసివేతలో ఉన్నాడు.
అతనికి ఎవరు చెబుతారు?

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే
తలుపుల మీద, దీపస్తంభాల మీద, బస్టాపు అద్దం మీద
నల్ల అంచు కాగితాలు, మధ్యలో ఫొటోలు.
పాతవాటి మీద కొత్తవి అంటించారు.
జిగురు తడికి ఒకరి నుదురు
ఇంకొకరి గడ్డంలోంచి కనబడుతోంది.
ఈ గోడలకు సగటు తెలీదు.
ఒక్కొక్కరినీ ఒక్కరిగానే లెక్కపెడతాయి.

రాష్కో నలభయ్యో రోజున
దిమానా మెట్ల మీద అందరికీ పంచింది,
ఉడకబెట్టిన గోధుమలు, పంచదార, అక్రోటు పొడి.
టీవీలో విన్నానమ్మాయ్, అంది.
ఈ ఏడు చావులు ఎక్కువయ్యాయటగా.
నీ ఆఫీసులోనే కదా లెక్కేసేది?
మా ఆయన అందులోనా?
ఆయన ఎవరికి ఎక్కువయ్యాడు?

నా దగ్గర విశ్వసనీయ అవధి ఉంది,
కింది హద్దు ఉంది, పై హద్దు ఉంది.
రెండు హద్దుల మధ్య
ఆ మెట్టు మీద నిలబడ్డాను.

కాగితం కప్పులో ఒక చెంచా వేసింది.
ఆగి, నా మొహం చూసి,
ఇంకో చెంచా తీసింది.
చాలు, ఎక్కువ—
అనబోయి నాలిక కరుచుకున్నాను.
కప్పు పట్టాను.